కొట్టం కాలిపోయింది, 17 మిగిలాయి. మొదట ఏం చెయ్యాలో చెప్పండి

దూడలదొడ్డి | 1వ రోజు, ఉదయం 5:40

రాత్రి రెండింటికి కొట్టం అంటుకుంది. మొత్తం 23 పశువులు. 17 బయటికొచ్చాయి. 4 పాడిఆవులు, 2 దూడలు లోపలే పోయాయి. ఇంట్లో మనుషులం బాగానే ఉన్నాం.

పలుపు తాళ్లు కొయ్యడానికి కొడవలి దొరకలేదు. రోజూ గోడకి తగిలించి ఉండే కొడవలే. పొగలో తడుముకుంటే మేకు తగిలింది, కొడవలి లేదు. సాయంత్రం మేత కోసి చేలోనే మర్చిపోయొచ్చా. గోళ్లతో, పళ్లతో ముడులు విప్పాను. ఒకదాన్ని బయటికి లాక్కొచ్చి వదిలి రెండోదాని కోసం వెనక్కి తిరిగేలోపు అది నన్ను తోసుకుంటూ మళ్లీ లోపలికే పోయింది.

ఫైరింజను ఇప్పుడే వెళ్లింది. ఆవులన్నీ రోడ్డు పక్క చెట్లకి కట్టేసి ఉన్నాయి, అరుస్తున్నాయి. పాలమిషను, మోటారు, మేత, దాణా ఏమీ మిగల్లేదు. బుర్ర పనిచెయ్యట్లేదు. మొదట ఏది చెయ్యాలో ఒక్కటి చెప్పండి చాలు.

పచ్చిమేత | 1వ రోజు, ఉదయం 5:52

నీళ్లు, తర్వాత పాలు. ముందు ప్రతిదానికీ తాగినన్ని నీళ్లు పెట్టు. తర్వాత చేత్తో పితకడం వచ్చిన వాళ్లు చుట్టుపక్కల ఎవరున్నారో వాళ్లందరికీ ఫోన్ చెయ్యి. సిగ్గుపడకు. 17లో పాలిచ్చేవి ఎన్ని?

దూడలదొడ్డి | 1వ రోజు, ఉదయం 5:55

11. నాకూ మా ఆవిడకీ తప్ప ఇంట్లో ఎవరికీ పితకడం రాదు. నా వేళ్లు బొబ్బలెక్కాయి.

పశువైద్యం | 1వ రోజు, ఉదయం 6:10

నేను పశువుల డాక్టర్ని. మీ దగ్గరి డాక్టరుకి ఇప్పటికే కబురు పెట్టి ఉంటారనుకుంటాను, పెట్టకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చెయ్యండి.

ఆయన వచ్చేలోపు: కాలినచోట చల్లటి మామూలు నీళ్లు ధారగా పొయ్యండి, కనీసం 20 నిమిషాలు. ఐసు వద్దు. నూనె, పసుపు, గ్రీజు, ఎవరో చెప్పిన లేపనం ఏదీ పుయ్యొద్దు. డాక్టరు రాగానే చేసే మొదటి పని వాటిని గోకి తియ్యడమే అవుతుంది, పశువుకి నొప్పి, ఆయనకి టైము దండగ.

ఒక్కోదాన్నీ ఈ వరసలో చూడండి. కళ్లు (నీరు కారుతున్నాయా, మూసుకుంటోందా), ముక్కు చుట్టూ మసి, చెవులు, వీపు మీద పైకప్పు నుంచి కారిపడ్డ చోట్లు, పొదుగు, చన్నులు. చివరికి గిట్ట పైన వెంట్రుకలు మొదలయ్యే అంచు. ఈ అంచుని అందరూ వదిలేస్తారు. వేడి నేల మీద నడిచిన పశువుకి అక్కడ కాలితే ఇవాళ ఏమీ కనపడదు, పది పద్నాలుగు రోజులకి కుంటుతుంది, గిట్ట విడిపోవడం కూడా జరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఇవాళ బాగున్నది రేపు బాగుంటుందని అనుకోవద్దు. పొగ పీల్చిన పశువుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఒకటి నుంచి మూడు రోజుల్లో ఎప్పుడైనా మొదలవ్వచ్చు. ఆ తర్వాత వారం రెండు వారాల్లో న్యుమోనియా. కాబట్టి ఎవరో ఒకరు కాగితం, పెన్ను పట్టుకుని ఒక్కో పశువు డొక్క ఎగరడం నిమిషంపాటు లెక్కపెట్టి రాయండి. నాలుగ్గంటలకోసారి. 60 దాటినా, మెడ చాచి నోరు తెరిచి ఊపిరి తీసినా వెంటనే ఫోన్.

లెక్కలపుస్తకం | 1వ రోజు, ఉదయం 6:31

బాధలో ఉన్నప్పుడు ఈ మాట చెప్పడం బాగోదు, కానీ రేపు చెబితే ఆలస్యమైపోతుంది. బీమా ఉంటే ఇప్పుడే వాళ్లకి తెలియజెయ్యి. చనిపోయినవాటిని డాక్టరు చూసి, పోస్ట్‌మార్టం చేసి, రాసిచ్చేదాకా పూడ్చొద్దు. చెవికి ట్యాగు ఉంటే ట్యాగుతో సహా కనపడేలా ఫొటో తియ్యి. ట్యాగు కాలిపోయి ఉంటే చెవి, కొమ్ము, ఒంటి మీద గుర్తులు. కొట్టం నాలుగు మూలల నుంచీ ఫొటోలు, స్విచ్చిబోర్డు దగ్గర్నుంచి ఒకటి, గడ్డి పేర్చినచోట ఒకటి. బుల్‌డోజరు తోలేముందు. నువ్వు తియ్యలేకపోతే ఇంకొకరికి ఫోనిచ్చి పంపు. నువ్వే చూడాలని లేదు.

రెండో_కొట్టం | 1వ రోజు, ఉదయం 6:48

తమ్ముడూ, నా పేరు చూశావుగా. మొదటి కొట్టం తొమ్మిదేళ్ల కిందట ఇలాగే పోయింది.

ఆ ఒకటి తిరిగి లోపలికి పోవడం నీ తప్పు కాదు. భయపడ్డ పశువు తనకి తెలిసిన చోటికే పరిగెడుతుంది. దానికి కొట్టమే క్షేమం, బయటి చీకటే ప్రమాదం. నాకూ రెండు అలాగే పోయాయి, ఒకటి కాదు. బయటికి తెచ్చినదాన్ని కట్టెయ్యాలి, లేదా తలుపు మూసెయ్యాలి. ఒంటరిగా ఉన్న మనిషికి రెండూ కుదరవు.

నీ ఫోను ఇంకొకరి చేతిలో పెట్టు. ఇవాళ నీకు రెండొందల ఫోన్లొస్తాయి, ప్రతివాడికీ మొదట్నుంచీ చెప్పాల్సొస్తుంది. చెప్పిన ప్రతిసారీ నువ్వు మళ్లీ కాలతావు. ఎవరైనా బంధువుల కుర్రాణ్ణి కూర్చోబెట్టు.

మేకలక్క | 1వ రోజు, ఉదయం 7:15

అయ్యో తమ్ముడూ. ఏం చెప్పాలో తెలియట్లేదు. చదువుతూనే ఉన్నా.

దూడలదొడ్డి | 1వ రోజు, రాత్రి 9:20

అందరికీ కలిపి రాస్తున్నా, విడివిడిగా రాసే ఓపిక లేదు.

ఏడు గంటలకల్లా ఆరుగురు వచ్చారు, చేతిలో బకెట్లతో. అందులో ఒకాయన వయసు డెబ్భై పైనే, పశువులు అమ్మేసి పదేళ్లయింది. వచ్చి ఏమీ మాట్లాడకుండా ఎర్రావు పక్కన గొంతుక్కూర్చుని పొదుగు కడిగి పితకడం మొదలెట్టారు. నేను మూడు సార్లు ప్రయత్నిస్తే చేపనిది (పాలు దించనిది), ఆయనకి రెండు నిమిషాల్లో చేపింది. అన్నిటికీ అలా అవలేదు. నాలుగు అసలు చేపలేదు.

పొద్దు వాలేలోపు పశువుల్ని పంచేశాం. పక్క చేను ఆయన 8 తీసుకెళ్లాడు. రోడ్డవతల వాళ్లు 5. మిగిలిన 4, కాలినవి, నా దగ్గరే ట్రాక్టరు షెడ్లో ఉన్నాయి. డాక్టరు రెండుసార్లు వచ్చి చూశారు. ఫొటోలు మా బావమరిది తీశాడు. నేను అటువైపు పోలేదు.

పశువైద్యం | 1వ రోజు, రాత్రి 9:41

చేపకపోవడం మామూలే. భయంలో ఒంట్లో ఊరే అడ్రినలిన్ పాలు దింపే ఆక్సిటోసిన్‌ని పనిచెయ్యనివ్వదు. అరిచినా, కొట్టినా ఇంకా బిగదీస్తుంది. ఒకే మనిషి, ఒకే వేళ, పొదుగుని గోరువెచ్చటి నీళ్లతో తీరిగ్గా కడగడం, అంతే మందు. ఆ నాలుగిటికీ పొదుగువాపు రాకుండా రోజూ మొదటి ధారలు నల్లటి గుడ్డ మీద పితికి గడ్డలున్నాయేమో చూడండి. యాంటిబయాటిక్ పడ్డవాటి పాలు, మందు మీద రాసిన గడువు తీరేదాకా, కేంద్రానికి పొయ్యకూడదు. పితికినవాళ్లందరికీ ఆ ఆవులేవో తెలియాలి. కాలికి రంగు రిబ్బను కట్టండి.

గంటకట్టిన | 1వ రోజు, రాత్రి 10:02

8 ఒకరింటికి, 5 ఇంకొకరింటికి అన్నారు. వాళ్ల మందలో కలిపేశారా? వేరుగా ఉంచమనండి. ఒకే తొట్టిలో నీళ్లు పెట్టొద్దు, ముక్కుకి ముక్కు తగలకుండా చూడండి, పాలు ముందు వాళ్లవి తీసి తర్వాత మీవి తియ్యమనండి.

పచ్చిమేత | 1వ రోజు, రాత్రి 10:06

మనిషి పశువులు పోయి ఏడుస్తుంటే ఇప్పుడా రోగాల గోల?

గంటకట్టిన | 1వ రోజు, రాత్రి 10:11

ఇప్పుడే. సాయం చేసిన ఇంట్లో రెండు నెలల తర్వాత చూడి ఆవులు వరసగా ఈచుకుపోతే (కడుపు పోతే), అది బ్రూసెల్లా అంటురోగం అయితే, ఆ స్నేహం ఏమవుతుంది? ఎవరి మందలో ఏముందో పరీక్ష చేయిస్తే గానీ తెలియదు. వేరుగా కట్టెయ్యడం ఎవర్నీ అనుమానించినట్టు కాదు.

దూడలదొడ్డి | 1వ రోజు, రాత్రి 10:30

ఆయన చెప్పింది నిజమే. ఇప్పుడే ఫోన్ చేశా. పక్క చేను ఆయన ముందే కంచె అవతల కట్టేశాట్ట.

దూడలదొడ్డి | 3వ రోజు, మధ్యాహ్నం 1:15

ఒకటి పోయింది. పోనిచ్చాం అనాలి. వీపు, పక్కలు, పొదుగు, సగం ఒళ్లు పైనే కాలింది. మొదటి రోజు నిలబడి నీళ్లు కూడా తాగింది కదా అని నేను ఒప్పుకోలేదు. ఇవాళ లేవలేదు. డాక్టరు ఇంజెక్షనిచ్చేటప్పుడు తల నా ఒళ్లో పెట్టుకున్నా. మిగిలినవి 16.

ఇంకోదానికి నిన్న రాత్రి నుంచి దగ్గు, నిమిషానికి 64. ముందే చెప్పినందుకు కనిపెట్టగలిగాం. మందులు మొదలయ్యాయి.

పశువైద్యం | 3వ రోజు, మధ్యాహ్నం 1:40

నిలబడి నీళ్లు తాగింది కాబట్టి ఆగారు, ఎవరైనా ఆగుతారు. దగ్గుతున్నదానికి దుమ్ము లేని మేత పెట్టండి, ఎండుగడ్డి అయితే నీళ్లు చిలకరించి. ఎక్కువ దూరం నడిపించొద్దు. పొగ పట్టిన ఊపిరితిత్తులు కుదురుకోడానికి నెలా, నెలన్నర పడుతుంది.

దూడలదొడ్డి | 4వ రోజు, సాయంత్రం 6:05

ఇంకో సంగతి. జనం దాణా బస్తాలు తెచ్చి పడేస్తున్నారు. ఎవరెవరో, నాకు మొహం కూడా తెలియని వాళ్లు. ట్రాక్టరు షెడ్లో చోటు లేదు. పాపం కదా అని ఎవరో నిన్న రెండు ఆవులకి తొట్టినిండా పోశారు, ఇవాళ వాటికి నెమరు లేదు, పేడ నీళ్లలా పడుతోంది.

పశువైద్యం | 4వ రోజు, సాయంత్రం 6:12

కడుపు పులిసింది. డాక్టర్ని ఇప్పుడే పిలవండి, రేపటిదాకా ఆగొద్దు. అలవాటు లేని గింజ ఒక్కసారిగా పడితే పెద్దపొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికొస్తుంది. దానమిచ్చిన దాణా ఏదైనా వారం పది రోజులపాటు పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చెయ్యాలి.

రెండో_కొట్టం | 4వ రోజు, సాయంత్రం 6:50

నాకు వచ్చిన గడ్డిలో మూడో వంతు బూజు పట్టింది. ఇచ్చినవాడి మనసు మంచిదే, బూజు మాత్రం బూజే. తిరిగి ఇవ్వలేక, వాడలేక, వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు కనపడకుండా చాటుగా ఎరువుకుప్పలో వేశా.

ఒక పుస్తకం పెట్టించు. ఎవరు, ఏం తెచ్చారు, ఎక్కడ దించారు. ఇంకా ఎవరైనా "ఏం కావాలి" అని అడిగితే దాణా అనకు. మేకుల డబ్బా, పలుపు తాళ్లు, పొదుగు తుడిచే గుడ్డలు, ఫలానా రోజు తెల్లవారుజామున ఒక మనిషి. ఇలా పేరుపెట్టి అడుగు. అలా చెబితే నీకన్నా వాడికే హాయిగా ఉంటుంది.

నిర్వాహకుడు | 4వ రోజు, రాత్రి 8:00

చాలామంది డబ్బు ఎలా పంపాలని అడుగుతున్నారు. దూడలదొడ్డి ఒప్పుకుంటేనే ఇక్కడ వివరాలు పెడతాం. ఆయన పేరు చెప్పి ఎవరైనా విడిగా అడిగితే పంపకండి.

దూడలదొడ్డి | 4వ రోజు, రాత్రి 8:25

వద్దండి. నేను ఇప్పటిదాకా ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. మాట సాయం చేస్తున్నారు, అది చాలు.

మేకలక్క | 4వ రోజు, రాత్రి 8:47

తమ్ముడూ, ఒక మాట అడుగుతాను. పోయిన ఏడాది వరద నీళ్లలో నా మేకలు చిక్కుకుంటే పాలపొడి, మందులు పార్శిల్ చేసి పంపింది ఎవరు? నేను వద్దంటే "అక్కా, నువ్వు కాదు, పిల్లలు తాగుతాయి" అన్నది ఎవరు? ఆ పిల్లల్లో నాలుగు ఈ ఏడాది ఈనాయి. ఇప్పుడు నీ వంతొస్తే మాత్రం చేతులు వెనక్కి కట్టుకుంటావా?

దూడలదొడ్డి | 4వ రోజు, రాత్రి 9:30

సరే అక్కా. లెక్క పుస్తకంలో రాస్తాను. పైసాతో సహా.

తీగలమేస్త్రి | 5వ రోజు, ఉదయం 11:00

కారణం తెలిసిందా? పాత కొట్టాల్లో నేను ఎక్కువ చూసేది వైరింగే. పశువుల కొట్టంలో గాలి వేరు. మూత్రం నుంచి వచ్చే అమోనియా, తేమ కలిసి రాగి అతుకుల్ని తినేస్తాయి, అతుకు వదులైతే వేడెక్కుతుంది, పైన బూజు, గడ్డి దుమ్ము ఉండనే ఉంటుంది. ఎలుకలు తొడుగు కొరికేస్తాయి. తాత్కాలికమని లాగిన ఎక్స్‌టెన్షన్ తీగ పదేళ్లు అలాగే ఉంటుంది. కొత్తది కట్టేటప్పుడు తీగలన్నీ పైపుల్లో లాగండి, దుమ్ము, నీరు దూరని బాక్సులు వాడండి, కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చి పెట్టండి. ఫ్యాన్ల మోటార్లకి పట్టిన దుమ్ము నెలకోసారి ఊదండి.

దూడలదొడ్డి | 5వ రోజు, ఉదయం 11:20

నేనూ వైరింగే అనుకుంటున్నా అన్నా. ఫైర్ వాళ్లు ఇంకా చెప్పలేదు.

గంటకట్టిన | 8వ రోజు, రాత్రి 7:30

మూడు రోజులుగా పత్తా లేరు. అంతా బాగుందా?

దూడలదొడ్డి | 9వ రోజు, తెల్లవారుజామున 3:10

బాగానే ఉన్నాం. రాయలేకపోయాను.

వైరింగు కాదు. ఫైర్ ఆఫీసరు గడ్డి పేర్చిన మూల చూపించి చెప్పారు. మంట పైనుంచి కాదు, గడ్డివాము లోపల్నుంచి వచ్చింది. గోడ ఆ వైపే అడుగుదాకా తెల్లబడింది. స్విచ్చిబోర్డు వైపు పైన మాత్రమే కాలింది.

ఆ గడ్డి కాలడానికి 20 రోజుల ముందు పేర్చాం. సగం నాది, సగం పక్క చేను ఆయన దగ్గర తీసుకున్నది. మబ్బు పడుతోందని ఆత్రపడ్డాను. ఆయన ఒక కట్ట విరిచి, పుల్ల మెలిపెట్టి చూసి, "ఇంకా విరగట్లేదు, ఒంగుతోంది, రెండు రోజులు ఆగుదాం" అన్నాడు. నేనే వినలేదు. తడిస్తే మొత్తం పోతుందని చెప్పి ఆ రాత్రే కొట్టంలోకి ఎక్కించా.

తర్వాత ఒకరోజు, కాలడానికి వారం ముందు, మేత తియ్యడానికి రెండు కట్టల మధ్య చెయ్యి పెట్టా. మోచేతి దాకా వెళ్లింది. వెచ్చగా ఉంది. ఈనిన ఆవు పొట్టకింద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా. తియ్యటి వాసన, పొగాకు మగ్గినట్టు. మంచి వాసనే అనుకున్నాను. నిజం చెబుతున్నా, గడ్డి బాగా కుదిరిందని మా ఆవిడకి కూడా చెప్పాను.

ఇంకొకటి. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి నాకన్నా ముందే వచ్చి పితుకుతున్నది ఆ పక్క చేను ఆయనే. తన 8 నా 8 తీసి, ఆ తర్వాత ఇక్కడికొస్తాడు. మొన్న ఫైర్ వాళ్ల మాట విన్న దగ్గర్నుంచి నా కళ్లలోకి చూడట్లేదు.

చెరువుగట్టు | 9వ రోజు, ఉదయం 7:05

అంటే తడిగడ్డి అమ్మినవాడి మీద కేసు వెయ్యొచ్చు కదా. అందుకేనేమో ఉచితంగా పితుకుతున్నాడు.

దూడలదొడ్డి | 9వ రోజు, ఉదయం 7:20

మళ్లీ చదవండి. ఆయన వద్దన్నాడు. నేను ఎక్కించాను. చెయ్యి పెట్టింది కూడా నేనే.

మేకలక్క | 9వ రోజు, ఉదయం 7:31

ఆ మాట ఇక్కడ మాకు చెప్పినట్టు ఆయనకి చెప్పావా తమ్ముడూ?

పచ్చిమేత | 9వ రోజు, ఉదయం 8:15

గడ్డి సంగతి తెలియని వాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు, అందుకే రాస్తున్నా. నీకు గుచ్చాలని కాదు.

కోసిన గడ్డి వెంటనే చావదు. అందులో తేమ ఉన్నంతకాలం గడ్డి కణాలూ, వాటిని తినే సూక్ష్మజీవులూ ఊపిరి తీసుకుంటూ వేడి పుట్టిస్తాయి. చిన్న కట్టలకి 20 శాతం తేమ దాటకూడదు, పెద్ద గుండ్రటి కట్టలకి ఇంకా తక్కువ ఉండాలి, ఎందుకంటే మధ్యలో వేడి బయటికి పోయే దారి లేదు. పేర్చిన తర్వాత రెండు నుంచి ఆరు వారాలు ప్రమాదకాలం. సరిగ్గా నీ 20 రోజులు అందులోనే పడ్డాయి.

నేను వాములోకి పొడవాటి ఇనప గొట్టం దింపి, దాంట్లోకి తాడుకట్టిన థర్మామీటరు వదిలి పావుగంట తర్వాత తీస్తాను. 55 డిగ్రీలుంటే రోజూ చూస్తాను. 65 దాటితే రోజుకి ఒకసారి సరిపోదు, గంటల లెక్కన చూడాలి. 70 దాటితే పశువులు బయటికి, ఫైర్ వాళ్లకి కబురు. 80 అంటే లోపల ఎక్కడో నిప్పు మొదలైనట్టే. అప్పుడు కట్టలు లాగొద్దు. లాగితే గాలి దూరి భగ్గుమంటుంది, ఫైరింజను పక్కనుంటేనే లాగాలి. వాము మీదికి ఎక్కి నడవడం అసలే వద్దు. పైకి బాగానే కనపడుతుంది, కింద బొగ్గై గుల్లయి ఉంటుంది, మనిషి నడుం దాకా దిగబడతాడు.

దూడలదొడ్డి | 10వ రోజు, రాత్రి 8:40

చెప్పాను అక్కా. పితకడం అయ్యాక బకెట్లు కడుగుతుంటే చెప్పా, "తప్పు నాది" అని. ఆయన కాసేపు బకెట్టు తోముతూనే ఉన్నాడు. "నేను గట్టిగా చెప్పుండాల్సింది" అన్నాడు. అంతే. రేపు ఎర్రావుని నువ్వే పితుకు, నా చేతులు నొప్పిగా ఉన్నాయి అని వెళ్లిపోయాడు.

గంటకట్టిన | 11వ రోజు, ఉదయం 9:10

బూడిద ఎత్తేశారా? పశువుల్ని అటు పోనివ్వకండి. బూడిద ఉప్పగా ఉంటుంది, నాకుతాయి. ట్రాక్టరు బ్యాటరీ ఏదైనా కాలి ఉంటే ఆ సీసం కాస్త నాకినా చాలు, కళ్లు పోయి, పళ్లు కొరుక్కుంటూ పడిపోతాయి. మందు కొట్టిన కొయ్య కాలితే దాని బూడిదలో ఆర్సెనిక్ ఉండే అవకాశం ఉంది. పాత రేకులు సిమెంటువైతే అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, పొడిగా పగలగొట్టకుండా తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని తీయించండి.

మేకులు, తీగముక్కలు కూడా ఏరించండి. ఆవు మేతని నమలకుండా మింగేస్తుంది, మేకు పొట్టలోంచి గుండె దాకా గుచ్చుకుంటుంది.

దూడలదొడ్డి | 11వ రోజు, ఉదయం 9:45

బ్యాటరీ ఉంది. పక్కనే. ఇప్పుడే కంచె వేయిస్తున్నా.

దూడలదొడ్డి | 12వ రోజు, సాయంత్రం 5:30

స్కూలు పిల్లలు పది మంది వచ్చారు. పాత స్పీకర్లలోంచి తీసిన అయస్కాంతాలు కర్రలకి కట్టుకుని నేలంతా ఊడ్చారు. రెండు బకెట్ల మేకులు. ఒకడికి నేను కొడవలి తగిలించే మేకు దొరికింది, తెచ్చి చేతిలో పెట్టాడు. వాడికేం తెలుసు.

దూడలదొడ్డి | 14వ రోజు, ఉదయం 6:30

డాక్టరుగారూ, మీరు చెప్పినట్టే జరిగింది. బాగానే ఉందనుకున్న ఒకటి ఇవాళ కుంటుతోంది. గిట్ట పై అంచు దగ్గర చీలింది, నీరు కారుతోంది.

పశువైద్యం | 14వ రోజు, ఉదయం 6:44

మెత్తటి పొడి నేల మీద ఉంచండి, మట్టి, పేడ అంటకుండా కట్టు. ఒక్క కాలేనా? ఒకటే అయితే ఆశ ఉంది. నాలుగూ అయితే మీ డాక్టరుతో మాట్లాడి తొందరగా నిర్ణయం తీసుకోండి. ఈసారి మూడోరోజు దాకా ఆగకండి.

దూడలదొడ్డి | 14వ రోజు, ఉదయం 6:46

ఒకటే.

దూడలదొడ్డి | 23వ రోజు, తెల్లవారుజామున 2:20

ఇప్పుడెవరూ రావట్లేదు. తప్పుపట్టట్లేదు, ఎవరి పనులు వాళ్లకుంటాయి. పక్క చేను ఆయన మాత్రం వస్తున్నాడు.

రోజూ రెండింటికి మెలకువొస్తోంది. అలారం పెట్టినట్టు. లేచి ట్రాక్టరు షెడ్డు దాకా వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి చూస్తా, వేడిగా ఉందేమోనని. పశువులన్నీ నెమరేస్తుంటాయి. నేనొక్కణ్ణే.

మనుషులు క్షేమం, అది చాలు అని అందరూ అంటున్నారు. నిజమే. కానీ ఆ మాట విన్నాక ఇక నేను నోరెత్తడానికి ఏమీ ఉండదు.

రెండో_కొట్టం | 23వ రోజు, తెల్లవారుజామున 2:34

మేలుకునే ఉన్నా. నాకు తొమ్మిదేళ్ల తర్వాత కూడా ఎక్కడైనా చెత్త తగలబెడితే ఒళ్లు జలదరిస్తుంది.

మొదటి వారం ఊరంతా ఉంటుంది. మూడో వారం మనమే ఉంటాం. నన్ను గట్టెక్కించింది ఒక ముసలాయన. రోజూ సాయంత్రం వచ్చి కాలిన దూలం మీద కూర్చునేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. పోయిన ఆవుల గురించి తనే ఒక్కోదాని పేరు పెట్టి మాట్లాడేవాడు, అది ఎలా తన్నేదో, ఏది దొంగమేతకి పోయేదో. నేను నవ్వేవాణ్ణి. నీ ఆరిటి పేర్లేంటి?

దూడలదొడ్డి | 23వ రోజు, తెల్లవారుజామున 2:51

ఏడు. మూడోరోజు పోయింది కూడా.

చుక్క, గోధుమది, పెద్దకొమ్ము, లచ్చి. మూడోరోజుది గౌరి. దూడలకి ఇంకా పేర్లు పెట్టలేదు. తిరిగి లోపలికి పోయింది లచ్చి. అది ఎప్పుడూ అంతే, మేతకి అన్నిటికన్నా ముందు వెళ్లేది, ఇంటికి కూడా అన్నిటికన్నా ముందే వచ్చేది. దారిలో ఎక్కడా ఆగేది కాదు.

రెండో_కొట్టం | 23వ రోజు, తెల్లవారుజామున 2:58

ఇంకా చెప్పు. పడుకోను.

(ఇద్దరూ నాలుగింటిదాకా రాసుకున్నారు. దూడలదొడ్డి కోరిక మీద ఆ భాగం వేరే చోటికి మార్చాను. – నిర్వాహకుడు)

మేకలక్క | 23వ రోజు, ఉదయం 6:40

ఇప్పుడే చూశా. తమ్ముడూ, నిద్ర పట్టకపోతే అది కూడా డాక్టరుకి చెప్పాలి, ఆవుల డాక్టరుకి కాదు. నేను వెళ్లాను అప్పట్లో. సిగ్గేమీ లేదు. నీ ఇంటి నంబరు నాకు మెసేజీలో పంపు, మీ ఆవిడతో మాట్లాడతా.

దూడలదొడ్డి | 34వ రోజు, మధ్యాహ్నం 12:10

కొత్త కొట్టం స్తంభాలు లేచాయి. రెండు వైపులా వెడల్పు తలుపులు, బయటికి తెరుచుకునేవి. పలుపులు లాగితే ఊడే ముడితోనే కట్టాలని మా వాళ్లందరికీ నేర్పా. రెండు తలుపుల దగ్గరా ఒక్కో కొడవలి, వాటిని మేతకి తీసుకెళ్లకుండా గొలుసుతో కట్టేశా (నవ్వకండి). గొలుసుకి పట్టు తీసే కొక్కెం ఉందిలెండి.

గడ్డి కోసం వేరే పాక, 30 మీటర్ల అవతల. మేస్త్రి అన్న చెప్పినట్టు తీగలన్నీ పైపుల్లోనే.

తీగలమేస్త్రి | 34వ రోజు, మధ్యాహ్నం 12:25

గొలుసు సరే, ఆ కొక్కెం చీకట్లో చేతికి దొరుకుతుందా? తెల్ల రంగు వెయ్యి.

దూడలదొడ్డి | 46వ రోజు, రాత్రి 7:50

పశువులన్నీ ఇంటికొచ్చాయి. 16. కుంటుతున్నది కూడా నడిచే వచ్చింది. లోపలికి రమ్మంటే ఒక్కటీ రాలేదు, గుమ్మం దగ్గర ఆగి ముక్కులెగరేశాయి. కొత్త కొయ్య వాసన కదా. గంటసేపు అలాగే నిలబడ్డాం, నేనూ పక్క చేను ఆయనా. చివరికి ఎర్రావు ఒక్కటే లోపలికెళ్లి గాడిలో మూతి పెట్టింది. మిగతావి దాని వెనకే.

కొత్తపాడి | 47వ రోజు, సాయంత్రం 4:32

నమస్తే అండి, ఈ వేదికకి కొత్త. మొదట్నుంచీ ఇప్పుడే చదివాను. మా వాము పేర్చి రెండు వారాలైంది. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. మీరు చెప్పిన వాసన కూడా వస్తోంది. పర్లేదంటారా?

దూడలదొడ్డి | 47వ రోజు, సాయంత్రం 4:34

వాము కొట్టంలోపల ఉందా, బయటా? పైకి ఎక్కకండి. ఇనప గొట్టం, థర్మామీటరు ఉన్నాయా?

కొత్తపాడి | 47వ రోజు, సాయంత్రం 4:36

లోపలే. పశువుల పక్కనే. థర్మామీటరు పక్కింట్లో ఉంది, తెస్తున్నా.

కొత్తపాడి | 47వ రోజు, సాయంత్రం 5:02

71.

దూడలదొడ్డి | 47వ రోజు, సాయంత్రం 5:03

కట్టలు లాగకండి. ఫైర్ వాళ్లకి ఫోన్ చెయ్యండి, వాము వేడెక్కింది, ఇంకా అంటుకోలేదు అని చెప్పండి. పశువుల్ని ఇప్పుడే విప్పి గాలి వచ్చే వైపుకి తోలి దూరంగా కట్టేయండి. కట్టేయడం మర్చిపోకండి, మళ్లీ లోపలికొస్తాయి. చేతిలో కొడవలి ఉందా?

కొత్తపాడి | 47వ రోజు, సాయంత్రం 5:05

ఉంది. విప్పుతున్నా.